పల్లపు వీధి మోటారు

మోటారు కట్టి ఇస్తాను, నువ్వు నా ఇల్లు ఖాళీ చెయ్యి అని మా తమ్ముడితో అన్నది నేనే. ఆ వానాకాలమంతా ఆ ఒక్క మాట మీదే నడిచింది. అనకుండా ఉండాల్సిందని నేను ఇప్పటికీ అనుకోను.

వాడు మిలట్రీ నుంచి రిటైరై వచ్చి అప్పటికి ఏడాది దాటింది. పెళ్ళీ పెటాకులూ లేవు. పెరటి గది ఇచ్చాను. నేనిచ్చానంటే అబద్ధం, నా కూతురు ఇచ్చింది. "బాబాయి ఇంకెక్కడికి పోతాడు నాన్నా" అంది. నేను నోరు తెరిచేలోగా వాడి ఇనప పెట్టె లోపలికి వచ్చేసింది.

వాడికి కూర్చోవడం రాదు. చీకటితోనే లేచి దుప్పటి మడత పెడతాడు. ఆ మడత మీద గాజు గోళీ పెట్టినా దొర్లదు. పెరట్లో బకెట్లు పెద్దదాని పక్కన చిన్నది వరసగా నిలబెడతాడు. ఆ తర్వాత ఈ గోడ నుంచి ఆ గోడకు నడుస్తాడు. అన్నం తింటూ మధ్యలో లేచి కిటికీలోంచి వీధి చూసి వస్తాడు. ఒకవేళ కూర్చున్నా మోకాలు ఆడుతూనే ఉంటుంది. వాణ్ణి చూస్తుంటే మనకే ఎక్కడికో బండి వేళయిపోతున్నట్టు ఉంటుంది.

తెల్లవారగానే వీధిలో పడతాడు. పూడిపోయిన మురిక్కాలవ తవ్వించడం, వెలగని దీపం కింద నిలబడి ఆఫీసువాళ్ళకు ఫోను చేయడం, ఆసుపత్రిలో ఎవరికో రక్తం కావాలంటే మనుషుల్ని పోగేయడం, నడవలేని వాళ్ళని పెన్షను కిటికీ దగ్గరికి మోసుకుపోవడం. మెడలో ఎప్పుడూ ఈల. అది ఊదితే మంచాల మీంచి లేవని కుర్రాళ్ళు కూడా పారలు పట్టుకుని వచ్చేవాళ్ళు. పేరుతో ఎవరూ పిలవరు. ముసలివాళ్ళకీ పిల్లలకీ అందరికీ మిలట్రీయే.

"మీ తమ్ముడు మనిషి కాదండీ మేస్త్రీగారూ" అన్నాడు మంగలి ఒకసారి నాకు గడ్డం గీస్తూ.

"ఆ సంగతి నాకు ముందే తెలుసు" అన్నాను.

"అంటే దేవుడని నా ఉద్దేశం."

"అయితే మీ ఇంట్లో పెట్టుకో."

కత్తి గొంతు మీద ఉందని కూడా చూసుకోలేదు నేను. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అని ఊరికే అనలేదు పెద్దలు. వాడి పల్లకీ మోసే వాళ్ళలో ఒక్కడికీ నా ఇంట్లో ఏం జరిగిందో తెలియదు.

మా అమ్మ పోయేనాటికి వాడికి చొక్కా గుండీలు పెట్టుకోవడం కూడా రాదు. నాకు కొత్తగా పెళ్ళయింది. మా ఆవిడే వాడికి నీళ్ళు పోసింది, అన్నం తినిపించింది, అబద్ధమాడిన రోజు వీపు పగలగొట్టింది. మిలట్రీలో చేరతానంటే నేను వద్దన్నాను. ఆమె పెట్టె సర్దింది. అలాంటి మనిషి ఆసుపత్రి మంచం మీద పడుకుని కళ్ళు తెరిచినప్పుడల్లా "వాడొచ్చాడా" అని అడిగేది. వాడికి సెలవు మంజూరైంది. కాగితం చేతికొచ్చింది. బారకులో పక్క మంచం సిపాయి భార్యకు పురుడు కష్టంగా ఉందని ఆ సెలవు అతనికి వదిలేశాడు. వాడే ఫోనులో చెప్పాడు నాకు. ఎవరి పెళ్ళానికో పురుడు. నా పెళ్ళాం తలుపు వైపు చూస్తూ పోయింది.

విన్న బంధువులంతా ఎంత గొప్ప మనసు అన్నారు. గొప్పదే. ఆ గొప్పతనానికి మూల్యం నా ఇంట్లో చెల్లింది.

*

మాది పల్లపు వీధి. పక్కనే పెద్ద కాలవ, మధ్యలో మట్టి కట్ట. వానాకాలం కాలవ నిండితే దాని నీళ్ళు మా నేల కంటే ఎత్తులో ఉంటాయి. మా వీధిలో పడ్డ వాన బయటికి పోవాలంటే ఎవరో ఎత్తి కట్ట అవతల పొయ్యాలి. అందుకని ఎప్పుడో ఒక పంపుషెడ్డు కట్టారు. అందులో మోటారు అంతకు ముందు వానాకాలం కాలిపోయింది. ఆఫీసువాళ్ళు వచ్చారు, చూశారు, తల ఊపారు, పోయారు.

నాది మోటార్లు కట్టే షాపు. కాలిపోయిన మోటారు తెస్తే పాత తీగ పీకి కొత్త రాగి తీగ చుట్టి ఇస్తాను. చదువు మా ఊరి బడిలో అయిదు దాకా. ఈ పని మాత్రం కళ్ళు మూసుకుని చేస్తాను.

మొదటి మబ్బులు పట్టిన రోజు మిలట్రీ నా షాపుకొచ్చాడు. వెనక మంగలి, ఆ వెనక కర్ర పొడుచుకుంటూ బొగ్గుల ముసలమ్మ. ఆమెది వీధిలో అన్నిటికన్నా దిగువ ఇల్లు. వెనకటికి బొగ్గులమ్మేది. ఇప్పుడు బొగ్గు కొనేవాళ్ళు లేరు, పేరు మాత్రం మిగిలింది.

"అన్నయ్యా, పంపుషెడ్డు మోటారు దించి తెస్తాం. నువ్వు కట్టివ్వాలి" అన్నాడు వాడు.

"ఆఫీసువాళ్ళు చూసుకుంటారు."

"వాళ్ళు చూసుకునేలోగా మనం ఈదుకుంటాం" అన్నాడు మంగలి.

"తీగ కావాలి. ఊరికే రాదు."

"వీధిలో తలా కాస్త వేసుకుంటాం. నీ చెయ్యి ఉంటే చాలు" అన్నాడు తమ్ముడు. అంటూనే బల్ల మీద చెల్లాచెదరుగా ఉన్న మేకులు ఏరి ఒక పక్కకు పెడుతున్నాడు. నాకు ఒళ్ళు మండింది.

ముసలమ్మ గడప మీద కూలబడింది. "ఒరే రాగితీగా" అంది నాతో. ఆమె నన్నట్లాగే పిలిచేది, ఎంత లాగినా తెగనని. "పోయినేడు నా మంచం నీళ్ళ మీద తేలిందిరా. పడవనుకుని ఊరేగుదామంటే తెడ్డు లేకపోయె. ఈసారి మంచంతో పాటు నేనూ తేలతాను. కట్టివ్వరా నాయనా."

నేను వాళ్ళిద్దరి వైపు చూడలేదు. తమ్ముడి వైపే చూశాను.

"కట్టిస్తాను. నువ్వు నా ఇల్లు ఖాళీ చెయ్యి."

మంగలి గోడ మీద క్యాలెండరు చదవడం మొదలుపెట్టాడు. ముసలమ్మ మాత్రం మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది.

వాడు బతిమాలతాడనుకున్నాను. కనీసం ఎందుకని అడుగుతాడనుకున్నాను. అడిగితే చెప్పడానికి నా దగ్గర చాలా ఉంది.

"సరే అన్నయ్యా" అన్నాడు. "మోటారు ఎప్పటికవుతుంది?"

అదీ వాడి తీరు. వీధి కోసం ఇల్లు వదలడానికి వాడికి రెప్పపాటు కూడా పట్టలేదు. ఉండనిమ్మని అడిగి ఉంటే నేనేమనేవాణ్ణో నాకు తెలియదు. అడగలేదు కాబట్టి కోపం రెట్టింపయింది.

ఈ సంగతి నా కూతురికి మంగలి చెప్పాడు. ఆమె ఒక క్లినిక్కులో రక్తపరీక్షలు చేసే ఉద్యోగం చేస్తుంది. మాటలో వాళ్ళమ్మ పోలిక. కంచం నా ముందు పెట్టి నిలబడింది.

"వీధికి మోటారు, బాబాయికి వీధి. బాగానే పంచావు నాన్నా" అంది.

"నీకు తెలియదు."

"నాకు తెలియనిదేముంది. అమ్మ పక్కన కూర్చున్నది నేను. వాడొచ్చాడా అని నన్నే అడిగింది."

"మరి నీకు కోపం రాదా?"

"వస్తుంది. వచ్చినప్పుడు బాబాయినే తిడతాను. ఎదురుగా నిలబడి తల వంచుకుని తిట్లు తింటాడు. మళ్ళీ బకెట్లు సర్దుకుంటాడు. నువ్వు ఒక్కసారైనా తిట్టావా?"

నేను అన్నం కలుపుకున్నాను.

*

ఈల ఊదుతూ, తోపుడుబండి మీద మోటారు తెచ్చారు. పెళ్ళికొడుకుని తెచ్చినంత హడావుడి. మూత తీస్తే కాలిన వాసన గుప్పుమంది. లోపల తీగంతా బొగ్గయింది.

పాత తీగ ఉలితో కోసి పీకాను. తీగ కూర్చునే గాళ్ళు గీకి శుభ్రం చేసి కాగితం పరిచాను. చెక్క ఫర్మా మీద కొత్త తీగ చుట్టి ఒక్కో చుట్ట గాళ్ళలోకి నొక్కాను. వార్నిష్ పోశాక చూస్తే ఎండ లేదు, మోటారు లోపల పెద్ద బల్బు వేలాడదీసి గోనె కప్పి ఆరబెట్టాను. బయట వాన అప్పటికే మొదలైంది. తమ్ముడు రోజుకు పదిసార్లు వచ్చి గోనె ఎత్తి చూసి పోయేవాడు. పురిటి గది బయట తచ్చాడే మొగుడిలా. ఈ పోలిక నాకు తోచిన రోజు గోనె పట్టుకోవద్దని అరిచాను.

షెడ్డులో బిగించాక మోటారు పంపును తిప్పింది. గోడ అదిరింది. కట్ట అవతల పైపు కొస కాలవ నీళ్ళలో మునిగి ఉంటుంది కాబట్టి నీళ్ళు పడటం కనబడదు. షెడ్డు పక్కన వీధి నీళ్ళు చేరే గుంటలో నీళ్ళు తగ్గితే పడుతున్నట్టు. తగ్గాయి. కుర్రాళ్ళు చప్పట్లు కొట్టారు.

నేను మోటారు ఒంటి మీద ఎర్ర రంగుతో బాణం గీశాను. ఏ మోటారుకైనా గీస్తాను. ఇది ఇటే తిరగాలని గుర్తు. యజమానిని పక్కన నిలబెట్టుకుని చెప్పి మరీ వెళతాను. కరెంటు తీగలు మూడుంటాయి, ఎక్కడైనా రెండు అటూఇటూ కలిపితే మోటారు ఉల్టా తిరుగుతుంది, చప్పుడు వస్తుంది గానీ నీళ్ళు రావు, బాణం చూసుకోండి అని. అందరికీ చెప్పే మాటే.

వాడికి చెప్పింది ఇంతే. "పచ్చ బటన్ నొక్కితే నడుస్తుంది. ఎర్రది నొక్కితే ఆగుతుంది. మూత తెరవకు. తీగ ముట్టకు. చప్పుడు వస్తోందంటే ఊరుకో."

"అలాగే" అన్నాడు, కాళ్ళు దగ్గరికి చేర్చి.

వాడితో నేను ముక్కలు ముక్కలుగానే మాట్లాడేవాణ్ణి. నాలుగు మాటలు దాటితే అయిదోది ఎక్కడికి పోతుందో నాకు తెలుసు.

ఆ సాయంత్రమే వాడి ఇనప పెట్టె పంపుషెడ్డుకు పోయింది. గోడవారగా ఒక బల్ల వేసుకున్నాడు. నా కూతురు క్యారియర్ పట్టుకుని రోజూ కట్ట మీదుగా వెళ్ళేది. నేను వద్దనలేదు, వెళ్ళమనీ అనలేదు.

*

వాన పట్టుకుంది. మోటారు దగ్గర కాపలాకు వాడు వంతులు వేశాడు. డ్యూటీలో ఉన్నవాడు తర్వాతి వాడొచ్చి ముట్టుకునేదాకా కదలకూడదని వాడి నియమం. మొదట్లో అంతా ఉత్సాహంగా వచ్చారు. తర్వాత ఒకడికి జలుబు, ఒకడికి బంధువులు. మంగలి తన వంతు రోజున షాపు తలుపు వెనక దాక్కున్నాడని ముసలమ్మ వీధంతా చాటింది. ఎవరి వంతులో ఎవరు రాకపోయినా వాడే కూర్చునేవాడు. కూర్చోవడం అంటే మోటారు చుట్టూ తిరగడం. షెడ్డు నేల మీద వాడి చెప్పుల దారి పడింది.

ఇంట్లో పెరటి గది ఖాళీ. బకెట్లు ఎక్కడ పెడితే అక్కడే ఉండేవి. నాకిప్పుడు నెమ్మదిగా ఉండాలి. లేదు. పొద్దున్నే మెలకువ వచ్చేది. ఈల కోసం చెవి పెట్టేది నేను కాదు, నా చెవే.

ఆ పెద్ద వాన రోజు తెల్లవారుజామున ఎక్కడో తీగ తెగి కరెంటు పోయింది. మధ్యాహ్నానికి కరెంటువాళ్ళు వచ్చి, తడుస్తూ స్తంభమెక్కి, తీగలు కలిపి పోయారు. మోటారు చప్పుడు నా షాపు దాకా వినిపించింది. నేను కట్టిన మోటారు. తడి గాలిలో, అన్ని గంటలు ఆగి, ఒక్క మారుకే అందుకుంది. నాకు గర్వంగానే ఉంది, ఎందుకు దాచాలి.

పొద్దు వాలుతుంటే నా కూతురు వచ్చింది. మోకాళ్ళ దాకా తడిసింది.

"నాన్నా, దిగువ ఇళ్ళలోకి నీళ్ళొస్తున్నాయి."

"మోటారు ఆడుతోంది కదా. వాన ఎక్కువ, కాస్త ఆలస్యంగా తగ్గుతాయి."

"తగ్గడం కాదు, పెరుగుతున్నాయి. బొగ్గులమ్మ గడప మునిగింది."

"చప్పుడు వినబడటంలా? నేను కట్టిన మోటారు."

"నీ మోటారు నువ్వే వినుకో" అని వెళ్ళిపోయింది.

కాసేపటికి దిగువ నుంచి అరుపులు. ముసలమ్మ ఇంటి గోడ నాని కూలింది. నేను వెళ్ళేసరికి నా కూతురు ఆమెను వీపున వేసుకుని నడుము లోతు నీళ్ళలో వస్తోంది. ముసలమ్మ చేతిలో కర్ర అలాగే ఉంది.

"రాగితీగా, మంచం పోయిందిరా" అంది నన్ను చూసి. పళ్ళు టకటకలాడుతున్నాయి. "ఈసారి నేను లేకుండానే ఊరేగుతోంది."

నేను కట్ట ఎక్కి పంపుషెడ్డు వైపు పరిగెత్తాను. నా వయసుకి పరుగు అనకూడదు. దగ్గరయ్యేకొద్దీ చప్పుడు తేడా తెలిసింది. నీళ్ళు మోసే మోటారు మూలుగుతుంది. ఇది హాయిగా కూనిరాగం తీస్తోంది. బరువు లేని చప్పుడు. లోపలికి వెళ్ళి ఎర్ర బటన్ నొక్కాను. మోటారు నెమ్మదించి ఆగేటప్పుడు చూశాను. ఇరుసు బాణానికి ఎదురు తిరుగుతోంది.

తమ్ముడు నిలబడి ఉన్నాడు. "ఎందుకు ఆపావు?"

"మధ్యాహ్నం నుంచి ఉల్టా తిరుగుతోంది. స్తంభం మీద తీగలు మార్చి కలిపారు. ఒక్క చుక్క బయటికి పోలేదు."

వాడు మోటారు వైపు, నా వైపు చూశాడు. "చప్పుడు వస్తోంది కదా. చప్పుడు వస్తే ఊరుకోమన్నావు."

"అన్నాను."

"కుర్రాళ్ళు వచ్చారు. నీళ్ళు తగ్గడం లేదు, మేస్త్రీగారిని పిలుద్దాం అన్నారు. నేనే వద్దన్నాను."

"ఎందుకని?"

"రావనుకున్నాను."

నేను మెయిను ఆపేసి మూత విప్పాను. వాడు దీపం పట్టుకున్నాడు.

"ముసలమ్మ?" అని అడిగాడు.

"గోడ కూలింది. మనిషి బతికింది. నా కూతురు మోసుకొచ్చింది."

వాడు తలుపు దాకా వెళ్ళాడు. మళ్ళీ వెనక్కి వచ్చాడు. "నేను కదలకూడదు. డ్యూటీ."

"కదలకపోవడం నీకు కొత్తేం కాదు" అన్నాను.

తీగ ఊడదీస్తున్నాను. వాడు దీపం పట్టుకుని పక్కన గొంతుక్కూర్చున్నాడు. ఎప్పుడూ ఆడే ఆ మోకాలు ఆగిపోయింది.

"ఆ సెలవు" అన్నాడు. "పక్కవాడు అడగలేదు అన్నయ్యా. వాడి భార్యకు ఇంకా నెలలు నిండలేదు. తీసుకో తీసుకో అని నేనే బలవంతాన ఇచ్చాను. వదినను ఆ మంచం మీద చూడలేననిపించింది. ఆ కాగితం ఎవరికి అంటగట్టాలా అని బారకు అంతా తిరిగాను."

"భయపడ్డావా?"

"ఆఁ."

"తుపాకి పట్టినవాడివి."

"తుపాకి ఎదురుగా ఉంటే ఏం చేయాలో నేర్పారు. దీనికి ఎవరూ నేర్పలేదు."

రెండు తీగలు మార్చి బిగించాను. మూత పెట్టి స్క్రూలు తిప్పాను. మెయిను వేశాను.

"ఇన్నేళ్ళూ నువ్వు గొప్పవాడివని తిట్టుకున్నాను" అన్నాను.

"ఇప్పుడు?"

"ఇప్పుడు వేరే తిట్టు వెతుక్కోవాలి. బటన్ నొక్కు."

నొక్కాడు. మోటారు ఒక్క కుదుపుతో అందుకుని మూలగడం మొదలుపెట్టింది. గుంటలో నీళ్ళు సుడి తిరిగాయి. బాణం ఏమిటో, ఎందుకో అప్పుడు చెప్పాను, అందరికీ చెప్పినట్టే, మొదటి నుంచి చివరిదాకా. వాడు చిన్నప్పుడు ఎక్కాలు అప్పజెప్పినట్టు తిరిగి అప్పజెప్పాడు.

*

మర్నాడు వాన తెరిపిచ్చాక బడి వరండాలో వీధంతా చేరింది. నీళ్ళు దిగిన ఇళ్ళలో బురద, బియ్యం డబ్బాల్లో బురద, పిల్లల పుస్తకాల్లో బురద. ఎవరో ఒకరి మీద పడాలి కదా.

"ఈల ఊదడం ఎవడైనా ఊదుతాడు" అన్నాడు మంగలి. మొన్నటిదాకా దేవుడన్న నోరే. "పక్కనే కూర్చుని, మోటారు నీళ్ళు తోడుతోందో లేదో తెలియలేదంటే ఏమనుకోవాలి? నిద్రపోయాడనుకోవాలా?"

"తాగాడేమో" అన్నారెవరో వెనక నుంచి.

తమ్ముడు లేచి నిలబడ్డాడు. "డ్యూటీలో నేనున్నాను. తప్పు నాది. ముసలమ్మ ఇల్లు నేను కట్టిస్తాను" అన్నాడు. ఇంకేమీ చెప్పలేదు. చెప్పడని నాకు తెలుసు. ఊళ్ళో బరువంతా నెత్తికెత్తుకోవడం వాడికి నీళ్ళు తాగినంత తేలిక.

ఊరుకోవచ్చు నేను. వాడి పల్లకీ దించేస్తుంటే చూడాలని ఎన్నిసార్లు అనుకున్నానో. చూస్తున్నాను కూడా. కానీ దించుతున్న కారణం అబద్ధం. అబద్ధం మీద నాకేదీ అక్కర్లేదు, పగ కూడా.

"కూర్చో" అన్నాను వాడితో. "మోటారు కట్టింది నేను. ఉల్టా తిరిగితే ఎలా తెలుసుకోవాలో చెప్పాల్సింది నేను. చెప్పలేదు. చప్పుడొస్తే చాలన్నాను. చప్పుడొచ్చింది. అరిచేవాళ్ళు నా మీద అరవండి."

"మీరెందుకు చెప్పలేదండీ?" అన్నాడు మంగలి.

"నాకు వాడంటే కోపం."

"దేనికి?"

"అది మా ఇంటి కోపం. వీధికి పంచిపెట్టను. నీ వంతు రోజున తలుపు వెనక ఎందుకు దాక్కున్నావో అది చెప్పు ముందు."

జనం నవ్వారు. మంగలి కూడా నవ్వాల్సి వచ్చింది. ముసలమ్మ గోడకానుకుని "రాగితీగకి మాటలొచ్చాయర్రా" అంది.

బయటికొచ్చాక తమ్ముడు నా వెంట పడ్డాడు. మొహం ఎర్రగా ఉంది.

"నా డ్యూటీకి నువ్వు సంజాయిషీ చెప్పక్కర్లేదు అన్నయ్యా."

"నీ కోసం చెప్పలేదు."

"మరెవరి కోసం?"

"నా మోటారు కోసం" అన్నాను. వాడు గబగబా కట్ట వైపు నడిచిపోయాడు. వాడి నడక చూస్తే తిట్టినప్పుడు మా ఆవిడ ముందు నుంచి పారిపోయే పిల్లాడు గుర్తొచ్చాడు. గుర్తొచ్చినంత మాత్రాన ఏమీ కాదు.

ఇల్లు లేని ముసలమ్మను నా కూతురు పెరటి గదిలో పెట్టింది. నన్ను అడగలేదు. ముసలమ్మ వచ్చిన రోజే నా వంటిల్లు బాగాలేదంది, నా గొంతు బాగాలేదంది, నేను తలుపు వేసే తీరు బాగాలేదంది.

వానలు వెనకబట్టాక పంపు ఆపేశారు. కాలవ దిగింది. తమ్ముడు షెడ్డుకు తాళం వేసి, తాళంచెవి ఇవ్వడానికి షాపుకొచ్చాడు. ఇనప పెట్టె తోపుడుబండి మీద ఉంది. గుమ్మంలో నిలబడి ఈ కాలి మీంచి ఆ కాలి మీదకు బరువు మారుస్తున్నాడు.

"ఎక్కడికి?" అన్నాను.

"చూడాలి. ఊరి చివర గోదాము దగ్గర వాచ్‌మన్ పని ఉందన్నారు."

"ముసలమ్మ ఇల్లు కట్టిస్తానన్నావుగా, నలుగురిలో."

"రోజూ వచ్చి కట్టిస్తాను."

"పెరటి గదిలో ముసలమ్మ ఉంది."

"తెలుసు."

"ఈ వెనక అటక కింద మంచం పడుతుంది. వార్నిష్ వాసన కొడుతుంది."

వాడి చెయ్యి మెడలో ఈల మీదికి పోయింది.

"ఇక్కడ ఈల ఊదావంటే మాత్రం మెడ పట్టి గెంటుతాను" అన్నాను.

పెట్టె దించడానికి నేను సాయం పట్టలేదు. వాడే దించుకున్నాడు.

ఆ సాయంత్రం నా కూతురు అడిగింది. "క్షమించావా నాన్నా?"

"లేదు."

"మరి?"

"ముసలమ్మ ఇల్లు అయ్యేదాకా" అన్నాను. గోడలు లేచి, కప్పు పడి, ముసలమ్మ కర్ర పొడుచుకుంటూ తన ఇంటికి వెళ్ళిపోయింది కూడా. వాడు అటక కిందే ఉన్నాడు. ఆ మాట నేను ఎత్తలేదు, వాడూ ఎత్తలేదు.

వచ్చిన వారంలోనే నా తీగచుట్టలన్నీ లావుపాటివి కింద, సన్నవి పైన, వరసలు మార్చేశాడు. ఎన్నో ఏళ్ళుగా నా చేతికి అలవాటైన చోట్లు. నేను తిట్టి మళ్ళీ పాత పద్ధతిలో పెట్టుకున్నాను. తెల్లారేసరికి వాడు మళ్ళీ మార్చాడు. నేను మళ్ళీ మార్చాను. ఇలా చాన్నాళ్ళు సాగింది. మొన్న తొందరలో ఉండి ఊరుకున్నాను. పని మధ్యలో చూడకుండా చెయ్యి చాపితే కావాల్సిన తీగ చేతికే వచ్చింది.

ఆ సంగతి వాడికి చెప్పలేదు.